ఏడాదికోసారి బండి తనిఖీ: అసలు ఏం చూస్తారు, ఏం చూడరు?

కొత్తచక్రం
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఎనిమిదేళ్ల పాత కారు ఒకటి కొన్నాను. పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు. నేనుండే దేశంలో సొంత కార్లకి కూడా ఏటా తనిఖీ తప్పనిసరి, ఆ సర్టిఫికెట్ గడువు వచ్చే నెలతో అయిపోతుంది. నాకు ఇదే మొదటిసారి, అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది. కొన్న వెంటనే ఫుల్ సర్వీస్ చేయించాను. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు అన్నీ కొత్తవే. అంటే తనిఖీలో పాసైనట్టేనా? అక్కడ ఏమేం చూస్తారో తెలిసినవాళ్లు చెప్పండి. ఫెయిలైతే బండి అక్కడే ఆపేస్తారా?

ఎర్రలైటు
ముందు లైట్లన్నీ వెలుగుతున్నాయో లేదో చూసుకోండి. నంబర్ ప్లేటు దగ్గరుండే చిన్న బల్బుతో సహా. దాని సంగతి చాలామందికి గుర్తే ఉండదు.

పిట్‌లైన్
కొత్తచక్రం గారూ, తనిఖీ కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

సర్వీసు వేరు, తనిఖీ వేరు. మీరు మార్పించిన ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు ఇంజను ఆరోగ్యం కోసం. తనిఖీ చేసేవాళ్లకి మీ ఇంజను ఎంత హుషారుగా లాగుతోంది, క్లచ్ ఎంత మిగిలింది, గేర్‌బాక్సులో ఏం శబ్దం వస్తోంది అన్నవి దాదాపు అక్కర్లేదు. ఈ బండి సరిగ్గా ఆగుతుందా, తిప్పినవైపే తిరుగుతుందా, ఎదుటివాళ్లకి కనిపిస్తుందా, గుద్దుకుంటే లోపలున్నవాళ్లని కాపాడుతుందా, వదిలే పొగ హద్దులో ఉందా... వాళ్లు చూసేవి ఇవి. ఇంకో సంగతి, వాళ్లు ఏదీ విప్పరు. కళ్లకి కనిపించేదీ, చేత్తో కదిలించి చూడగలిగేదీ, మిషన్ మీద కొలవగలిగేదీ మాత్రమే లెక్క.

బ్రేకుల దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమంది ఆశ్చర్యపోయేది అక్కడే. ముందు చక్రాలు రెండింటినీ నేలలో బిగించిన రోలర్ల మీదకి ఎక్కిస్తారు. రోలర్లు చక్రాల్ని నెమ్మదిగా తిప్పుతుంటాయి. బ్రేకు మెల్లగా తొక్కుతూ పోతే ఏ చక్రం ఎంత బలంతో ఆపుతోందో తెర మీద విడివిడిగా పడుతుంది. ఎడమది 2.4 కిలోన్యూటన్లు, కుడిది 1.5 చూపించిందనుకోండి. రోడ్డు మీద మీకు బ్రేకు బాగానే పడుతున్నట్టు ఉంటుంది. కానీ కుడి చక్రం బలం ఎడమదానిలో 70 శాతం కూడా లేదు. బ్రిటన్ నియమాల్లో ముందు చక్రాల మధ్య తేడా 30 శాతం దాటితే ఫెయిల్. ఎందుకంటే తడి రోడ్డు మీద ఒక్కసారిగా గట్టిగా తొక్కిన రోజున ఆ బండి ఎడమకి లాగేస్తుంది.

ఇలాంటి తేడాకి చాలాసార్లు కారణం కాలిపర్ (చక్రంతో తిరిగే డిస్కుని రెండు ప్యాడ్ల మధ్య నొక్కిపట్టే భాగం) జరగడానికి ఉండే పిన్ను. దానికున్న గ్రీజు ఎండిపోయి, పిన్ను జరగడం మానేస్తుంది. అప్పుడు లోపలి ప్యాడ్ ఇనుము తగిలేదాకా అరిగిపోతుంది, బయటి ప్యాడ్ మాత్రం నిక్షేపంలా ఉంటుంది. చక్రం సందులోంచి తొంగిచూసి "ప్యాడ్లు బాగానే ఉన్నాయి" అనుకునేవాళ్లు చూస్తున్నది ఆ బయటిదాన్నే.

తర్వాత నాలుగు చక్రాల బలం కూడి, బండి బరువుతో పోలుస్తారు. యూరప్ నియమాల్లో ఈ తరం కార్లకి అది కనీసం 58 శాతం, హ్యాండ్‌బ్రేకుకి 16 శాతం ఉండాలి. చాన్నాళ్లు కదలకుండా పడి ఉన్న బండ్లు ఎక్కువగా ఫెయిలయ్యేది ఇక్కడే, వెనక డిస్కులు తుప్పు పట్టి ఉంటాయి.

ఇక బండి ఆపేస్తారా అన్న ప్రశ్న. అది లోపాన్ని బట్టి. యూరప్‌లో 2018 మే నుంచి లోపాల్ని మూడు రకాలుగా రాస్తున్నారు: చిన్నవి, పెద్దవి, ప్రమాదకరమైనవి. చిన్నదైతే పాస్, కాగితం మీద రాసిస్తారు. పెద్దదైతే ఫెయిల్, బాగుచేయించి మళ్లీ చూపించాలి. ప్రమాదకరం అని రాశారంటే ఆ బండి రోడ్డెక్కకూడదు, టోయింగ్ చేయించుకోవాల్సిందే. మిగతా దేశాల్లో పేర్లు మారినా ఆలోచన దాదాపు ఇలాగే ఉంటుంది. మీ దగ్గర రూలు ఎలా ఉందో, రీటెస్టుకి ఎన్ని రోజులు ఇస్తారో మీ రవాణా శాఖ నిబంధనల్లో చూసుకుని వెళ్లండి.

కొత్తచక్రం
చాలా థ్యాంక్స్ అన్నా. సర్వీస్ చేయించాను కదా అని ధైర్యంగా ఉన్నాను ఇన్నాళ్లూ. బ్రేకుల్లో లోపలి ప్యాడ్ సంగతి నాకు అస్సలు తెలియదు.

నల్లరోడ్డు
నా మాట కాస్త కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. ఈ తనిఖీలన్నీ తూతూమంత్రం. ఏడాదిలో ఒక్కరోజు అరగంట చూసి కాగితం ఇస్తారు, మర్నాడు ఏం జరిగినా దానితో సంబంధం లేదు. బండి బాగా చూసుకునేవాడికి ఆ కాగితంతో పని లేదు, చూసుకోనివాడు ఎలాగోలా తెచ్చుకుంటాడు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి సొంత బండ్లకి ఈ సేఫ్టీ తనిఖీనే ఎత్తేసింది. అక్కడివాళ్లు ఆలోచించే చేసుంటారు కదా?

లెక్కలమాస్టారు
నల్లరోడ్డు గారి మాటలో కొంత నిజం ఉంది, అంకెలతో సహా చెబుతాను. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2005 నుంచి 2007 దాకా ప్రమాద స్థలాలకి మనుషుల్ని పంపి పెద్ద సర్వే చేయించింది. ప్రమాదానికి ముందు చివరగా జరిగిన కీలకమైన తప్పు ఎక్కడుందని చూస్తే 94 శాతం డ్రైవర్ దగ్గర తేలింది, బండిలో లోపం దాదాపు 2 శాతమే. తనిఖీలు అక్కర్లేదనేవాళ్లు ఎప్పుడూ చూపించే లెక్క ఇది.

కానీ ఆ నివేదికలోనే ఇంకో రెండు మాటలున్నాయి. ఒకటి, చివరి తప్పు అంటే ప్రమాదానికి మొత్తం కారణం అని కాదు. డ్రైవర్ ఆలస్యంగా బ్రేకు తొక్కాడని రాస్తారు. అదే బ్రేకు ఇంకాస్త బలంగా పట్టి ఉంటే బండి ముందే ఆగేదేమో అన్నది ఆ గడిలో పట్టదు. రెండు, బండిలో లోపాల్ని ఎక్కువగా బయటి నుంచి చూసే గుర్తించారు. కాలిపర్ పిన్ను బిగుసుకుపోయిందా అన్నది అలా తెలిసేది కాదు. బండి లోపమని తేల్చిన ఆ కాస్త భాగంలో కూడా టైర్లు, చక్రాలది 35 శాతం, బ్రేకులది 22 శాతం. అంటే సగానికి పైగా తనిఖీలో మొట్టమొదట చూసే వస్తువులే.

టెక్సాస్ గురించి కూడా పూర్తిగా చెప్పాలి. సేఫ్టీ తనిఖీ తీసేసినా కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది, వాణిజ్య వాహనాలకి తనిఖీ కూడా ఉంది.

నల్లరోడ్డు
మాస్టారూ, అలా అయితే ఏడాదికే ఎందుకు? జపాన్‌లో, జర్మనీలో కొత్త కారుకి మొదట మూడేళ్లకి, తర్వాత రెండేళ్లకోసారి. యూరప్‌లో కనీస నిబంధన అయితే మొదట నాలుగేళ్లకి, తర్వాత రెండేళ్లకి. వాళ్ల రోడ్ల మీద బండ్లు విరిగిపడట్లేదు కదా.

లెక్కలమాస్టారు
మంచి ప్రశ్న. బండి వయసు, అది ఎంత తిరుగుతుంది అన్నదే ఇక్కడ తేల్చేది. ఇండియాలో చట్టం చూడండి. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత అయిదేళ్లకోసారి రెన్యూవల్. అదే టాక్సీ, లారీ, బస్సులాంటి రవాణా వాహనమైతే ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి ఫిట్‌నెస్, అది దాటాక ప్రతి ఏడాదీ. యూరప్‌లో కూడా టాక్సీలకీ అంబులెన్సులకీ ఏటా తప్పదు. ఎక్కువ తిరిగే బండికి ఏడాది అంటే చాలా ఎక్కువ కాలం.

చరిత్ర కూడా ఒకటుంది. బ్రిటన్ 1960లో ఈ పరీక్ష పెట్టినప్పుడు పదేళ్లు దాటిన బండ్లకే అన్నారు. ఫెయిలయ్యేవి మరీ ఎక్కువగా ఉండటంతో 1961లోనే దాన్ని ఏడేళ్లకి దించారు. 1967కి మూడేళ్లకి తెచ్చారు. పరీక్ష పెట్టేదాకా రోడ్ల మీద ఎలాంటి బండ్లు తిరుగుతున్నాయో ఎవరికీ తెలియదన్నమాట.

వసంతమేఘం
చర్చ బాగుంది కానీ నాకు టైర్ల గురించి అడగాలని ఉంది. టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలంటారు కదా, దాన్ని ఇంట్లో ఎలా చూసుకోవాలి? నా బండి టైర్లు బయటికి బాగానే కనిపిస్తున్నాయి.

పిట్‌లైన్
వసంతమేఘం గారూ, కొలబద్ద లేకపోయినా చూడొచ్చు. టైరు మీద పెద్ద గాళ్లు ఉంటాయి కదా, వాటి అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే అయిపోయినట్టే. నా సలహా అయితే అంతదాకా ఆగొద్దు. గాడి లోతు తగ్గేకొద్దీ నీళ్లని పక్కకి తోసే శక్తి తగ్గిపోతుంది, వానలో బండి నీళ్ల మీద తేలుతుంది.

"బయటికి బాగానే కనిపిస్తున్నాయి" అన్నారే, అసలు చిక్కు అక్కడే. అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణం) తప్పిన బండికి టైరు లోపలి అంచు అరుగుతుంది. నిలబడి చూస్తే అది కనపడదు. స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి, ఫోన్ కెమెరా చక్రం వెనక్కి పెట్టి ఫోటో తీయండి. అంచులో దారాలు బయటపడి ఉన్న టైర్లు నేను చాలా చూశాను, ఆ ఓనర్లందరూ మీ మాటే అన్నారు.

అలాగే పక్కగోడ మీద ఉబ్బు ఉందేమో చెయ్యి పెట్టి తడమండి. గుంతలో పడినప్పుడు లోపలి దారాలు తెగితే అక్కడ గాలి బుడగలా ఉబ్బుతుంది. అది ఎంత చిన్నదైనా ఆ టైరు మార్చాల్సిందే, పంక్చర్ షాపులో బాగయ్యేది కాదు. వయసు చూడాలంటే పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని.

ఎర్రలైటు
స్టెప్నీ కూడా చూస్తారా?

పిట్‌లైన్
చాలాచోట్ల దాని గాళ్లు కొలవరు. కానీ అడుగున వేలాడే స్టెప్నీ వదులుగా ఉంటే మాత్రం రాస్తారు.

వ్యాన్‌స్టీరింగ్
పొద్దున్నే సరుకుల వ్యాన్ తీసేవాణ్ణి నేను. మా దగ్గర బండి బయల్దేరే ముందు చుట్టూ ఒక రౌండు తిరిగి చూడటం రూలు. టైర్లు, లైట్లు, అద్దాలు, అడుగున ఆయిల్ మరకలు, తలుపుల గడియలు. రెండు మూడు నిమిషాల పని. అందుకే మా బండ్లకి ఏడాది తనిఖీ అంటే భయం ఉండదు. సొంత కారువాళ్లు వారానికోసారి ఇలా తిరిగినా చాలు. రాత్రిపూట గోడకి ఎదురుగా ఆపి లైట్లు వేస్తే రెండు హెడ్‌లైట్ల వెలుగు ఒకే ఎత్తులో పడుతోందా లేదా తెలిసిపోతుంది. వెనక్కి ఆపి బ్రేకు తొక్కితే బ్రేకు లైట్లు గోడ మీదే కనిపిస్తాయి, పక్కన ఇంకో మనిషి అక్కర్లేదు.

నల్లరోడ్డు
వ్యాన్‌స్టీరింగ్ అన్నా, నేను చెప్పేది కూడా అదే. రోజూ చూసుకునేవాడికి ఏడాది కాగితం ఎందుకు?

వ్యాన్‌స్టీరింగ్
మాకు కూడా కావాలి తమ్ముడూ. చుట్టూ తిరిగితే నాకు అడుగు కనిపించదు. బండి లిఫ్టు మీదకి ఎక్కినప్పుడే బాల్ జాయింటు (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీలు) వదులైన సంగతి, బ్రేకు పైపు తుప్పు పట్టిన సంగతి బయటపడతాయి. నా ఒక్కడి ప్రాణం కాదు కదా, ఎదురుగా వచ్చేవాడు నా బండిని నమ్మే వస్తున్నాడు.

వసంతమేఘం
ఈ మాట నాకు బాగా నచ్చింది.

కొత్తచక్రం
ఇంకో డౌటు. నా బండి డ్యాష్‌బోర్డు మీద ఇంజను లైటు అప్పుడప్పుడు వెలిగి ఆరిపోతోంది. తెలిసినవాళ్లు ఒకరు "పరీక్షకి వెళ్లే ముందు స్కానర్ పెట్టి కోడ్ చెరిపేయ్, సరిపోతుంది" అన్నారు. అలా చేయొచ్చా?

పిట్‌లైన్
చేయకండి. కారణం నీతి ఒక్కటే కాదు, అది పనిచేయదు కూడా. ఓబీడీ (లోపాల్ని కనిపెట్టి కోడ్లుగా రాసుకునే వ్యవస్థ) ఉన్న బండ్లలో కంప్యూటర్ పొగకి సంబంధించిన భాగాల్ని తనంతట తాను పరీక్షించుకుంటూ ఉంటుంది. కోడ్ చెరిపేస్తే, బ్యాటరీ తీసి పెట్టినా సరే, ఆ పరీక్షల ఫలితాలన్నీ కూడా పోతాయి. పొగ పరీక్షలో ఓబీడీకి తగిలించి చూసే చోట్ల తెర మీద "ఇంకా సిద్ధం కాలేదు" అని పడుతుంది, వెనక్కి పంపిస్తారు. మళ్లీ అన్నీ సిద్ధం కావాలంటే చల్లటి ఇంజనుతో మొదలుపెట్టి ఊళ్లోనూ హైవే మీదా కొన్ని రోజులు మామూలుగా నడపాలి. ముందు ఆ లైటు ఎందుకు వస్తోందో చూపించండి. ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) గానీ, ఆక్సిజన్ సెన్సర్ గానీ అయ్యుండొచ్చు. ఊహించి ఏదీ మార్చొద్దు, కోడ్ చదివించండి.

ఎయిర్‌బ్యాగు లైటు గురించి కూడా చెప్పేస్తాను. తాళం తిప్పగానే అది ఒకసారి వెలిగి ఆరిపోవాలి. అస్సలు వెలగకపోయినా లోపమే. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఆ బల్బు పీకేసి అమ్మినవాళ్లున్నారు. మీరు కొత్తగా కొన్నారు కాబట్టి ఇది తప్పకుండా చూసుకోండి. సీటుబెల్టులు చివరిదాకా లాగి ఎక్కడైనా దారం లేచిందా చూడండి, ఒక్కసారి విసురుగా లాగితే పట్టేయాలి.

పొగ పరీక్షకి మాత్రం ఇంజను బాగా వేడెక్కాక వెళ్లండి. పొగలోని విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ సుమారు 300 డిగ్రీలు దాటాకే సరిగ్గా పనిచేస్తుంది. దగ్గర్లోంచి వచ్చి గంటసేపు లైన్లో ఇంజను ఆపి నిలబడ్డ బండి, మంచిదైనా ఫెయిలవ్వొచ్చు.

ఎర్రలైటు
హాలోజన్ తీసి ఎల్‌ఈడీ బల్బులు పెట్టుకున్నాను, వెలుగు బ్రహ్మాండంగా ఉంది. ఏమైనా అంటారా?

పిట్‌లైన్
అంటారు. హెడ్‌లైటు డోమ్ లోపలి అద్దం హాలోజన్ తీగ ఉండే చోటుని బట్టి మలిచినది. ఎల్‌ఈడీ వెలుగు అదే చోటు నుంచి రాదు కాబట్టి డిప్‌లో వెలుగు గీత చెదిరిపోయి ఎదుటివాళ్ల కళ్లల్లో పడుతుంది. డిప్ వెలుగు ముందుకు పోయేకొద్దీ కిందికి దిగాలి. ఒక శాతం వాలు అంటే 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు కిందికన్నమాట. మీకు బ్రహ్మాండంగా ఉందంటే ఎదుటివాడికి రోడ్డు కనిపించట్లేదేమో ఒకసారి ఆలోచించండి.

కొండదారి
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు, నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను. తనిఖీ పాసై కొద్ది రోజులే అయింది, సర్టిఫికెట్ కొత్తది. కుటుంబంతో ఘాట్ రోడ్డు దిగుతున్నాం, బండి నిండా మనుషులు, సామాను. బ్రేకు తొక్కుతూ తొక్కుతూ దిగుతుంటే ఒక మలుపు దగ్గర పెడల్ మెత్తగా అయిపోయి లోపలికి దిగిపోయింది. రెండో గేరులోకి వేసి, హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ ఒక పక్కన ఆపగలిగాం. చల్లారాక మళ్లీ బ్రేకు మామూలుగా పట్టింది! కిందికి వచ్చాక మెకానిక్ చూసి బ్రేకు ఆయిల్ ఎప్పుడో మార్చాల్సిందన్నాడు. సర్టిఫికెట్ ఉంది కదా అన్న భరోసా ఆ రోజుతో పోయింది నాకు.

పిట్‌లైన్
మీరు క్షేమంగా బయటపడ్డారు, అదే పదివేలు. మీరు చెప్పింది తనిఖీకి ఉన్న అసలైన హద్దు. బ్రేకు ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీళ్లు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. ఘాట్లో వరసగా తొక్కితే కాలిపర్ దగ్గర ఆ వేడి వచ్చేస్తుంది, ఆయిల్లో నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరిని నొక్కితే నలుగుతుందే తప్ప బలం చక్రం దాకా చేరదు. రోలర్ల మీద కాసేపు చేసే పరీక్షలో ఇంత వేడి పుట్టదు, అందుకే అది పట్టుబడదు. చాలాచోట్ల డబ్బాలో ఆయిల్ మట్టం చూసి వదిలేస్తారు. కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకి మార్పించుకోవడం, అది చాలావాటికి రెండేళ్లు, మన పనే.

నల్లరోడ్డు
ఇదిగో, ఇందుకే నేను ఆ కాగితాన్ని నమ్మనన్నది.

లెక్కలమాస్టారు
కాగితాన్ని పూర్తిగా నమ్మకూడదన్నది ఒక మాట, తనిఖీ వద్దన్నది ఇంకో మాట నల్లరోడ్డు గారూ. కొండదారి గారి బండికి రోలర్ పరీక్ష చేయకపోతే ఆయిల్ బాగుపడేదా? అది ఆ రోజుకి కనీస స్థాయి ఉందని చెప్పే ముక్క. ఆ కనీస స్థాయి కూడా లేని బండ్లు మన పక్కనుంచి పోకూడదనే కదా చట్టం.

నల్లరోడ్డు
కనీసం అన్నంతవరకు ఒప్పుకుంటాను. కానీ పరీక్ష చేసేవాడే రిపేరు కూడా చేసే పద్ధతి ఉన్నచోట నాకు నమ్మకం కుదరదు. లేని లోపం రాసి డబ్బు గుంజొచ్చు.

పిట్‌లైన్
ఆ అనుమానం సబబే. జర్మనీలో తనిఖీ చేసే సంస్థలు రిపేర్ పని చేయవు. బ్రిటన్‌లో గ్యారేజీలే రెండూ చేస్తాయి, అక్కడ ఫలితం మీద అప్పీలుకి వెళ్లే దారి పెట్టారు. ఎక్కడైనా మీరు చేయగలిగింది ఒకటుంది. ఫెయిల్ అని రాస్తే బండి కింద నిలబడి ఆ భాగం చూపించమని అడగండి. నిజంగా వదులైన బాల్ జాయింటు అయితే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే మీ చేతికే తెలుస్తుంది. చూపించడానికి తటపటాయిస్తే అక్కడ రిపేరు చేయించొద్దు, కాగితం తీసుకుని ఇంకోచోటికి వెళ్లండి.

కొత్తచక్రం
తనిఖీ అయిపోయింది, పాసైంది. ఇంజను లైటుకి కారణం ఒక ఇగ్నిషన్ కాయిల్, ముందే మార్పించాను. కాగితం మీద రెండు మాటలు రాశారు: ముందు ఎడమ కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కడ్డీ) రబ్బరు బుష్‌లో పగుళ్లు, అడుగున సైడు సిల్ (తలుపుల కింది అంచు) దగ్గర పైపై తుప్పు. పాసే కాబట్టి వచ్చే ఏడాది చూసుకోవచ్చా?

పిట్‌లైన్
ఈ రెండు వాక్యాలే ఆ కాగితంలో విలువైనవి. బుష్ రబ్బరు పగిలిందంటే ఇంకా పట్టుకునే ఉంది, కానీ తొందర్లోనే వదులవుతుంది. అది వదులైతే అలైన్‌మెంట్ పోతుంది, పైన చెప్పిన టైరు లోపలి అంచు అరగడం మొదలవుతుంది. ఇప్పుడే మార్పిస్తే ఒక బుష్‌తో పోతుంది, ఆగితే టైర్లు కూడా కొనాలి.

తుప్పు సంగతి ఎక్కడుందన్నదాన్ని బట్టి. బ్రిటన్‌లో సస్పెన్షన్, సీటుబెల్టు బిగించే చోట్ల చుట్టూ 30 సెంటీమీటర్ల లోపు లోహం బలహీనపడితే ఫెయిల్ చేస్తారు. మీది పైపైన అన్నారు కాబట్టి గీకించి, ప్రైమర్, అడుగు కోటింగ్ వేయించండి. గీకినప్పుడు స్క్రూడ్రైవర్ మొన లోపలికి దిగితే మాత్రం కోటింగ్‌తో కప్పొద్దు, వెల్డింగ్ కావాలి.

వసంతమేఘం
నేను కూడా సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాను. అమ్మేవాళ్లని ఈ పాత తనిఖీ కాగితాలు అడగొచ్చా?

లెక్కలమాస్టారు
తప్పకుండా అడగండి. ఉన్నన్ని ఏళ్లవీ వరసగా పెట్టుకుని మొదట కిలోమీటర్ల అంకె చూడండి. ఒక ఏడాది కంటే తర్వాతి ఏడాది తక్కువ ఉంటే మీటరు వెనక్కి తిప్పి ఉండొచ్చు. బ్రిటన్‌లో అయితే నంబర్ ప్లేటు కొడితే చాలు, పాత ఫలితాలు, మైళ్ల అంకెతో సహా ఎవరికైనా ఉచితంగా ఆన్‌లైన్లో కనిపిస్తాయి.

పిట్‌లైన్
రెండోది, ఒకే మాట మూడేళ్లు వరసగా రాసి ఉందేమో చూడండి. "బ్రేకు పైపు మీద తుప్పు" అని ప్రతి ఏడాదీ రాశారంటే ఆ ఓనర్ దాన్ని పాస్ అన్న ముక్క దగ్గరే చదవడం ఆపేశాడు. అలాంటి బండిలో మిగతావి కూడా అలాగే వదిలేసి ఉంటాడు, బేరానికి దిగే ముందు లిఫ్టు మీదకి ఎక్కించి చూడండి.

వసంతమేఘం
ఆదివారం చూడబోతున్న బండికి రెండేళ్ల కాగితాలు ఉన్నాయన్నారు. రెండూ పంపమని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. వచ్చాక వాటిలో రాసినవి ఇక్కడ పెడతాను.